పెట్టె, కప్ప, టీవీ

నాన్నకు వాసన తెలియడం లేదని ఆ వానాకాలం మొదటి వారంలోనే నాకు తెలిసిపోయింది. ఎవరికీ చెప్పలేదు. జాలిపడి చెప్పలేదనుకునేరు, అదేం కాదు.

మేమిద్దరం పాత కార్లు కొని అమ్మే యార్డులో పనిచేసేవాళ్ళం. బండి గేటు లోపలికి రాగానే దాన్ని ఆపాదమస్తకం చూసి తనిఖీ కాగితం రాయడం మా పని. కాగితం అడుగున రెండు గీతలుండేవి. ఒకదాని కింద 'చూసినవారు' అని, రెండోదాని కింద 'నిర్ధారించినవారు' అని అచ్చువేసి ఉండేది. పదకొండేళ్ళుగా మొదటి గీత మీద నా సంతకం, రెండోదాని మీద నాన్నది. కొనేవాళ్ళు నా సంతకం వైపు చూసేవాళ్ళే కాదు. పెద్దాయన పాస్ చేశారా అని అడిగి, చేశారంటే కళ్ళు మూసుకుని కొనుక్కుపోయేవాళ్ళు.

ఆయన పేరంతా ఆయన ముక్కు వల్ల వచ్చింది. నీళ్ళలో మునిగిన బండికి సీట్లు మార్చొచ్చు, బెల్టులు మార్చొచ్చు, తుప్పు పట్టిన బోల్టులు పీకి కొత్తవి బిగించొచ్చు, వాసన మాత్రం ఎవడి తరమూ కాదు అనేవాడు. బండి తలుపులన్నీ మూసి, హీటరు పెట్టి, పది నిమిషాలు ఆగేవాడు. తర్వాత డ్రైవరు వైపు తలుపు జానెడు తెరిచి ఆ సందులో ముఖం పెట్టి కళ్ళు మూసుకునేవాడు. ఆపైన పక్కకు జరిగి నన్ను ముఖం పెట్టమనేవాడు. "ఏం తెలుస్తోంది?" అని అడిగేవాడు. నేను చెప్పింది విని, తలూపి, కాగితం మీద రాసేవాడు. పని నేర్చుకునే రోజుల్లో మొదలైన పరీక్ష అది. పదకొండేళ్ళయినా ఇంకా పరీక్షలేమిటని నాకు ఒళ్ళు మండేది.

ఆ వారం నాకు జలుబు చేసి ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. ఆ సంగతి చెబితే మాటలు పడాలి. అందుకని ఒక బండి దగ్గర నోటికొచ్చినట్టు 'సిగరెట్లు' అనేశాను. నాన్న తలూపి, పొగ తాగిన బండి, పైకప్పు గుడ్డ మార్చాలి అని రాశాడు. సాయంత్రం ఆ బండి అమ్మినాయన వచ్చి కాగితం చదువుకుని, తమ ఇంటావంటా ఎవరూ పొగ తాగలేదని నొచ్చుకుని వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే "ఎంత చక్కగా అబద్ధమాడుతున్నాడో చూడు" అన్నాడు నాన్న. నేను నాన్న ముఖంలోకి చూస్తూ ఉండిపోయాను.

జలుబు తగ్గాక కావాలనే చేశాను. ఏ వాసనా లేని బండి దగ్గర, ఇందులో కుక్కను తిప్పారు అన్నాను. రాశాడు. ఇంకో బండిలో ఎవరో సెంటు సీసా మొత్తం ఒలకబోసుకున్నారు, తలుపు తీస్తే తుమ్ములొస్తున్నాయి. ఏమీ లేదు అన్నాను. నాన్న సందులో ముఖం పెట్టి, కళ్ళు మూసుకుని, తీరిగ్గా తలూపి "ఊఁ, శుభ్రంగా ఉంది" అన్నాడు.

అప్పుడు రెండేళ్ళ కిందట ఆయనకొచ్చిన జ్వరం గుర్తొచ్చింది. జ్వరం తగ్గాక కూడా చాలా రోజులు అన్నం చప్పగా ఉందని నన్ను సాధించాడు. అమ్మ పోయాక ఇంట్లో వంట నాది, తిట్లు కూడా నావే. ఆ తర్వాత ఉన్నట్టుండి సాధించడం మానేశాడు. నా వంట బాగుపడిందనుకుని మురిసిపోయాను. రెండేళ్ళుగా యార్డులో ఆ పేరున్న ముక్కు నాదేనన్నమాట. అది తెలిసిన రోజు నేను బాధపడాల్సింది. సాయంత్రం దాకా కూనిరాగాలు తీస్తూ తిరిగాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కకు కారు అవసరం పడింది. మూడో పిల్ల పుట్టాక వాళ్ళ చిన్న కారు వెనక సీట్లో ముగ్గురు పట్టడం లేదు. బావ లెక్కల మాస్టారు. ఏ పనికైనా ముందు ఒక నోటుబుక్కు కొంటాడు. నెల రోజులు చదివి, అడిగి, గళ్ళు గీసి, చివరికి ఒక చిన్న ఎస్‌యూవీ దగ్గర ఆగాడు. అయితే ఆ బండి పదిహేనేళ్ళలో మూడు అవతారాలెత్తింది. పాతది కొనాలా, నడిమిది కొనాలా, షోరూముకి పోయి కొత్తది కొనాలా అన్నది తేలక నాన్న దగ్గరికి వచ్చాడు.

మా యార్డులో ఆ మూడింటికీ పేర్లున్నాయి. మొదటిది నాలుగు మూలలూ తేలి ఉంటుంది గనక పెట్టె. రెండోదానికి గుండ్రటి లైట్లు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, అది కప్ప. కొత్తదానికి స్టీరింగ్ పక్కన ఈ చివర నుంచి ఆ చివరకు తెర ఒకటే ఉంటుంది, దాన్ని టీవీ అనేవాళ్ళం.

ఆ వానాకాలం మూడు ఆదివారాలు ఆ మూడింటినీ నడిపి చూడడంతోనే గడిచాయి. యార్డులోని పెట్టెను ఒక వారం, కప్పను ఒక వారం, షోరూమువాళ్ళు పంపిన టీవీని ఒక వారం తీసుకున్నాం. నాన్న ఏ బండినైనా ఒకే దారిలో నడిపేవాడు. గోదాముల వెనక వీధిలో ఏడు స్పీడు బ్రేకర్లు, నీళ్ళ ట్యాంకు పక్కన కంకర రోడ్డు, వంతెన ఎక్కే ఏటవాలు. వెనక సీట్లో మూడు ఇసుక బస్తాలు, డిక్కీలో ఒకటి. ముగ్గురు పిల్లలు, వాళ్ళ సామాను అన్నమాట. ఏటవాలు మధ్యలో బండి ఆపి మళ్ళీ ఎక్కించమనేవాడు. బావ చెమటలు కక్కుతూ ఎక్కించేవాడు, అక్క ఇసుక బస్తాల పక్కన ఇరుక్కుని నవ్వేది.

పెట్టె తలుపు వేస్తే గోదాము తలుపు వేసినట్టు మోగేది. చుట్టూ అద్దాలు పెద్దవి, వెనక ఏముందో మెడ తిప్పితే చాలు కనపడేది, ఏ ఊళ్ళో చెడినా సామాను దొరికేది. కానీ ఏడో స్పీడు బ్రేకరు దాటేసరికి అక్క నడుం పట్టుకుంది. ఎయిర్‌బ్యాగులు ముందు సీట్లకే ఉన్నాయి. వెనక కూర్చునేవాళ్ళ సంగతి అది తయారుచేసినవాళ్ళకు గుర్తున్నట్టు లేదు.

టీవీ గొప్ప మెత్తగా పోయింది. ముందు ఏదైనా అడ్డం వస్తే దానంతట అదే బ్రేకు వేసింది. అందుకు నాన్న కూడా తల పంకించాడు. తర్వాత ఏసీ తగ్గించడానికి రోడ్డు మీంచి చూపు తిప్పి తెర మీద మూడుసార్లు పొడవాల్సి వచ్చేసరికి ఆయనకు చిర్రెత్తింది. స్టెప్నీ ఉండాల్సిన చోట పంక్చరుకు పూసుకోమని జిగురు డబ్బా ఉంది. బయటి నుంచి కొలిస్తే కప్ప కంటే నాలుగు వేళ్ళు వెడల్పు, లోపల వెనక సీటు కొలిస్తే వేలెడు తక్కువ. బావ రెండుసార్లు టేపు పట్టి కొలిచి నోటుబుక్కులో రాసుకున్నాడు.

"టీవీకి చక్రాలు బిగించి కారంటున్నారు" అన్నాడు నాన్న.

"నాన్నా, నేను టీవీ అడిగితే నువ్వు రేడియో కొనిచ్చేలా ఉన్నావు" అంది అక్క. నాన్న పగలబడి నవ్వాడు. అక్క నాన్నను నువ్వు అనేది. నేను మీరు అనేదాన్ని. యార్డులో చేరిన రోజున ఆయనే అలా పిలవమన్నాడు, ఇంట్లో కూడా అదే అలవాటైపోయింది.

కప్ప దగ్గర, అక్క పక్కన లేనప్పుడు నేను నోరు విప్పాను. మొదటి రెండేళ్ళలో వచ్చిన కప్పల్లో ఆటో గేర్లు ట్రాఫిక్కులో నెమ్మదిగా పోయేటప్పుడు వణుకుతాయి, తర్వాత కంపెనీ గేరుపెట్టె మార్చింది, ఆ తర్వాతి బండ్లయితే మూడింటిలోకీ అవే మేలు, ఆరు ఎయిర్‌బ్యాగులు, వెనక మూడు పిల్లల సీట్లు పక్కపక్కన పడతాయి, కాకపోతే డిక్కీ రబ్బరులోంచి నీళ్ళు దిగుతున్నాయేమో చూసి కొనాలి అని చెప్పాను. బావ గబగబా రాసుకుంటున్నాడు. నాన్న ఆయన చేతిలోంచి పెన్ను తీసేసుకున్నాడు. దీనికి ముక్కుంది గానీ బుద్ధి లేదు, దీని మాటలు రాసుకోకు అన్నాడు. బావ నవ్వబోయి, నా ముఖం చూసి దగ్గాడు. ఇంటికి వెళ్ళాక నాన్న అవే మాటలు పొల్లుపోకుండా అక్కకు చెప్పాడు. కప్పే కొందాం, గేరుపెట్టె మారిన తర్వాతి బండి, మంచిది వచ్చేదాకా ఆగుదాం అన్నాడు. అక్క ఆయన్ని మెచ్చుకుంది.

ఆ మరుసటి వారం యజమాని మమ్మల్ని పిలిచాడు. రేకుల షెడ్డు కింద నిలబడి టీ తాగుతూ, ఊరికి అవతలి వైపు రెండో యార్డు తెరుస్తున్నానని చెప్పాడు. అక్కడ నిర్ధారించే సంతకం ఎవరో ఒకరు పెట్టాలి. నా వైపు చూసి, అమ్మాయిని అక్కడ కూర్చోబెడదామా పెద్దాయనా అన్నాడు. నా చేతిలో ఆ రోజు కాగితాలున్నాయి. అవి ఛాతీకి ఆనించి పట్టుకున్నాను. ఆ సంతకం కోసం నేను ఎన్నేళ్ళు ఎదురుచూశానో నాన్నకు తెలుసు.

ఆయన టీ గ్లాసు లోపలికి చూస్తూ "ఇంకో మూడేళ్ళు నా పక్కనే ఉండనివ్వండి. ఇంకా పచ్చిగానే ఉంది" అన్నాడు.

అంతకుముందైతే ఏడ్చేదాన్ని. ఇప్పుడు విషయం అరచేతిలో ఉసిరికాయలా కనబడింది. నేను పనికిరానిదాన్నని ఆయన అనుకోవడం లేదు. నేను పక్కన లేకపోతే ఆయన ఒక్క కాగితం రాయలేడు. తన గుట్టు దాచుకోవడానికి నన్ను ఇంకో మూడేళ్ళు పచ్చిదాన్ని చేసి కూర్చోబెడుతున్నాడు. ఆ రోజు ఆయన మీద నాకు పుట్టిన కోపం మామూలు కోపం కాదు. ఆయన్ని నలుగురిలో నిలబెట్టాలనిపించింది.

ఆ అవకాశం బుధవారం వచ్చింది. ఆ ఏడు ఎగువ ఊళ్ళలో నది పొంగి వందల బండ్లు మునిగాయి. వాటిని కడిగి, మెరుగు పెట్టి దూరపు ఊళ్ళకు తోలేస్తున్నారు. వేలంలో యజమాని కొన్న వెండిరంగు కప్ప మా గేట్లోకి వచ్చింది. మూడేళ్ళ బండి, కొత్త గేరుపెట్టె. రంగు మందం మీటరు పెట్టి చూశాను, ఎక్కడా దెబ్బ లేదు. సీటు బెల్టులు చివరిదాకా లాగి చూశాను, కొత్తవి. స్టెప్నీ గుంట తుడిచిన పళ్ళెంలా ఉంది. సీటు కింద బోల్టులు తళతళలాడుతున్నాయి. మూడేళ్ళ బండిలో బోల్టులు అంత తళతళలాడకూడదు.

హీటరు పెట్టి పది నిమిషాలు ఆగాం. నాన్న సందులో ముఖం పెట్టి, కళ్ళు మూసుకుని, పక్కకు జరిగాడు. నేను ముఖం పెట్టాను. పైన నిమ్మ సెంటు కొట్టారు. దాని కింద, వాసన చంపడానికి చల్లిన కాఫీపొడి. కాఫీపొడి కింద, సీటు స్పాంజిలోంచి లేస్తూ, మురుగు.

"ఏం తెలుస్తోంది?" అన్నాడు.

"ఏమీ లేదు. కొత్త కార్పెట్ వాసన" అన్నాను.

రాశాడు. సంతకం చేశాడు. నా పథకం ఏమిటంటే, వేలంలో కొన్న బండిని వారంలోపు వెనక్కిచ్చేయొచ్చు. సోమవారం యజమానిని బండిలో కూర్చోబెట్టి, హీటరు పెట్టి, ఆయన ముక్కుతోనే చూపిస్తాను. కార్పెట్ లేపి కింద బురద చూపిస్తాను. అప్పుడు నాన్న ముఖం చూస్తాను. బండి వెనక్కి పోతుంది, ఎవరికీ నష్టం లేదు. నాకంత లెక్క ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం అన్నం తింటూ నాన్న చెప్పాడు. వెండిరంగు కప్పను అక్కకు ఖాయం చేశాడట, యజమాని కూడా సరేనన్నాడట, రేపు పొద్దున వాళ్ళందరూ వచ్చి తీసుకెళ్తారట. కార్పెట్ కింద తడిసిన వైర్లు నెలకో రెండు నెలలకో తుప్పు పట్టిపోతాయి. ఎయిర్‌బ్యాగులకు బుర్రలాంటి పెట్టె కూడా అక్కడే, గేరు కింద ఉంటుంది. అవసరమైన రోజున ఆరు ఎయిర్‌బ్యాగుల్లో ఒక్కటీ విచ్చుకోకపోవచ్చు. నడిరోడ్డు మీద బండి ఆగిపోవచ్చు. వెనక మూడు సీట్లలో ముగ్గురు పిల్లలు.

"నాన్నా, దాన్ని ఇంకోసారి చూద్దామా?" అన్నాను.

"నువ్వు చూశావు కదే."

"నేను పొరబడ్డానేమో."

ఆయన చెయ్యి కడుక్కుంటూ, ఏదో వాతావరణం గురించి చెబుతున్నట్టు అన్నాడు. "బండి దగ్గర నువ్వు పొరబడటం నేనింతవరకూ చూళ్ళేదు."

పదకొండేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకున్న మొదటి మాట అది. అప్పుడే నిజం చెప్పేయాల్సింది. చెబితే ఆ మాట వెనక్కి తీసేసుకుంటాడు. ఇంకాసేపు నా దగ్గరే ఉంచుకుందామనిపించింది. రేపు పొద్దున చెబుదాంలే అనుకున్నాను. నా గురించి ఇంతకన్నా సిగ్గుపడే విషయం ఇంకోటి ఉంది గానీ, అది తర్వాత.

శనివారం పొద్దున చెప్పడానికి వీలు దొరకలేదు. దొరకలేదని నాకు నేను చెప్పుకున్నాను. జడివాన. అక్కావాళ్ళు ఆటోలో వచ్చి పరుగున బండెక్కేశారు. డ్రైవరు సీట్లో బావ, పక్కన నాన్న, వెనక అక్క, ఒళ్ళో చంటిది, అటూ ఇటూ పిల్లలు. యజమాని గొప్ప మర్యాదగా గొడుగేసుకుని తాళాలు ఇవ్వడానికి వచ్చాడు. నేను షెడ్డు చూరు కింద, బావ తలుపు పక్కనే నిలబడ్డాను. అద్దాలకు ఆవిరి పడుతోందని బావ హీటరు పెట్టాడు.

రెండు నిమిషాలు పట్టింది. పెద్దపిల్ల ముక్కు మూసుకుని, ఇందులో ఎవరో కాలవలో పడి వచ్చి కూర్చున్నారు అంది. అక్క దాన్ని కసిరి, తనూ ఆగి, అద్దం దించింది. తడి గోనెసంచి వాసన అన్నాడు బావ. యజమాని కిటికీలోంచి తల లోపల పెట్టి, తీసి, గొడుగు మడిచి పక్కన పడేశాడు. ఆ వ్యాపారంలో ముప్పై ఏళ్ళున్న మనిషికి ఒక్క పీల్పు చాలు.

నాన్న ఒక్కడే చిరునవ్వుతో కూర్చుని ఉన్నాడు. "కొత్త కార్పెట్ వాసన అది. రెండు రోజులుంటే పోతుంది" అన్నాడు.

అక్క ముందుకు వంగి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "నాన్నా, నీకు తెలియట్లేదా?"

నాన్న చిరునవ్వు కాసేపు అలాగే ఉండి, తర్వాత పోయింది. బుకాయిస్తాడనుకున్నాను. యార్డులో ఆయన బుకాయిస్తే కాదనేవాళ్ళు లేరు.

"నాకు వాసన తెలియక రెండేళ్ళయింది" అన్నాడు. ఎదుటి అద్దం వైపు చూస్తూ యజమానికి చెప్పాడు. "అన్నీ చిన్నదే చూస్తోంది. నేను రాస్తున్నాను, అంతే. అది కార్పెట్ వాసనందంటే కార్పెట్ వాసనే. మీరంతా పొరబడుతున్నారు."

ఆ మాటతో ఆయన తన పరువు తీసి నా చేతిలో పెట్టాడు. నేను కోరుకున్నది కూడా అదే. కాకపోతే ఇలా ఇస్తాడనుకోలేదు. యజమాని నా వైపు తిరిగాడు. వాన చప్పుడుకి గొంతు పెంచి "అమ్మాయీ, బుధవారం నువ్వేం చెప్పావు?" అని అడిగాడు.

నా ముందు రెండు దారులున్నాయి. వాసన పట్టలేకపోయానంటే నాకు ముక్కు లేదని తేలుతుంది. పట్టి అబద్ధమాడానంటే నీతి లేదని తేలుతుంది. ఎలా చెప్పినా రెండో యార్డు పోయినట్టే. మూడో దారి నా నోట్లోంచి దానంతట అదే వచ్చింది. ఆలోచించానని కూడా చెప్పుకోలేను.

"మురుగు వాసన అనే చెప్పానండీ. నాన్నే వినలేదు."

నాన్న తల తిప్పి నన్ను చూశాడు. కోపంగా చూస్తాడనుకున్నాను. కొత్తగా వచ్చిన బండిని చూసినట్టు, పై నుంచి కిందిదాకా, తొందర లేకుండా చూశాడు. తర్వాత ఎదుటి అద్దం వైపు తిరిగాడు.

"అవును, చెప్పింది" అన్నాడు. "నేనే పెడచెవిన పెట్టాను."

యజమాని కార్పెట్ లేపించాడు. కింద వేలి మందాన ఎండిన బురద. అక్క చంటిదాన్ని గుండెకు హత్తుకుని వానలోనే దిగిపోయింది. పిల్లల ప్రాణాల మీదికి తెచ్చావు నాన్నా అంది. ఆ ఒక్క మాటే. ఆ మాట నేను పడాల్సింది. దాన్ని ఆయన భుజాల మీద వేసుకుని, తలుపు తెరుచుకుని దిగి, నడుచుకుంటూ గేటు దాటి వెళ్ళిపోయాడు.

సాయంత్రం నేను ఇంటికి వెళ్ళేసరికి వంటగదిలో బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. నేను స్టవ్వు వైపు తిరిగి నిలబడ్డాను. ముఖం చూసి మాట్లాడే ధైర్యం లేదు.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"వానలు మొదలైన వారం నుంచి."

"ఆ యార్డు కావాలని నన్నడగొచ్చు కదా."

"అడిగితే ఇచ్చేవారా?"

ఆయన ఆలోచించాడు. "ఇచ్చేవాణ్ణి కాదు" అన్నాడు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాక కాదు, ఇక అక్కర్లేదనుకున్నాడు. మళ్ళీ అడిగాడు. "ఇంకెన్ని?"

"ఇదొక్కటే."

తలూపాడు. ఇప్పుడు చెబుతాను, ఇందాక తర్వాత చెబుతానన్నది. ఇంకో రెండున్నాయి. కుక్కలూ సిగరెట్లూ చెప్పి నవ్వుకుంటున్న రోజుల్లోనే, తడి వాసన ఉన్న రెండు బండ్ల దగ్గర ఏమీ లేదన్నాను. ఎంత దూరం నమ్ముతాడో చూద్దామని. మర్నాడు సరిచేద్దామనుకున్నాను, మర్నాటికి కాగితాలు లోపలికి వెళ్ళిపోయాయి. వారం తిరక్కుండా రెండూ అమ్ముడైపోయాయి. కొన్నవాళ్ళిద్దరి ముఖాలూ నాకు గుర్తే.

సోమవారం యజమాని రెండో యార్డు కాగితాల కట్ట నా చేతిలో పెట్టాడు. ఆ కట్టలో 'చూసినవారు' అన్న గీత ఖాళీ, నిర్ధారించిన గీత నాది. పెద్దాయనకు విశ్రాంతి అన్నారు. నాన్న ఆ వానాకాలం తనిఖీ కాగితాల నకళ్ళు ఒకసారి చూసుకుంటానని యజమానికి కబురు పెట్టాడు. కొన్నవాళ్ళకు లేనిపోని అనుమానాలు పుట్టించొద్దని యజమాని తిప్పి కొట్టాడు. దాంతో నాన్న బల్ల దగ్గర కూర్చుని, ఏ బండి ఏ తేదీన ఎవరు కొన్నారో జ్ఞాపకం మీద రాయడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులు పట్టింది. ఒక్క పేరు కూడా తప్పు లేదు. నేను రెండు పేర్ల మీద వేలు పెట్టి చూపిస్తే చాలు, ఆయన మిగతా యాభై ఇళ్ళూ తిరగక్కర్లేదు. ఆ కాగితం పక్కనే నేను రోజూ కాఫీ పెట్టి వెళ్ళేదాన్ని.

నేను ఇదొక్కటే అన్నది ఆయన నమ్మలేదు. నమ్మలేదని ఒక్కసారి కూడా అనలేదు. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళేవాడు, చీకటి పడే వేళకు మోకాళ్ళ దాకా తడిసి వచ్చేవాడు. ఎక్కడికి వెళ్తున్నారని నేనడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం. నా సంతకానికి కొత్త యార్డులో అప్పుడప్పుడే విలువొస్తోంది. కొనేవాళ్ళు, చిన్నమ్మగారు పాస్ చేశారా అని అడుగుతున్నారు.

వానాకాలం చివర్లో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. మా పాత యార్డులో పెట్టె కొన్నాయన. అక్కడ అడిగితే నా నంబరిచ్చారట. గొంతు విని గుర్తుపట్టాను. ఆ ఇద్దరిలో ఒకడు.

పొద్దున ఎవరో పెద్దాయన వచ్చి గేటు దగ్గర నిలబడ్డారని చెప్పాడు. తనకు వాసన తెలియదన్నారట. కొంచెం బండి తలుపు తీసి, లోపల తల పెట్టి చూసి చెప్పమ్మా అని వాళ్ళావిణ్ణి అడిగారట. మొదట పిచ్చివాడనుకున్నారు. వదల్లేదు, బతిమాలారు. ఆవిడ హీటరు పెట్టి చూసి, ఏదో తడి వాసన అందిట. కార్పెట్ లేపించి వైర్లు చూపించేదాకా పిల్లల్ని ఎక్కించొద్దని, తప్పు తనదేనని చెప్పి, రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయారట.

"నాకైతే ఏమీ తెలియట్లేదండీ, మా ఆవిడ ఒప్పుకోవట్లేదు" అన్నాడాయన. "ఆ పెద్దాయన మీ మనిషేనా?"

నా బల్ల ముందు ఇద్దరు కొనుగోలుదారులు కూర్చుని ఉన్నారు. వాళ్ళకు నా సంతకం కావాలి. అద్దం బయట వాన పట్టి కొడుతోంది.

"కాదండీ" అన్నాను. "మా దగ్గర అలాంటివాళ్ళెవరూ లేరు. అయినా అనుమానం వచ్చింది కాబట్టి రేపు నేనే వచ్చి బండి చూస్తాను. ఏదైనా ఉంటే మేమే వెనక్కి తీసుకుంటాం."

ఆయన చాలా సంతోషించాడు. అమ్మేశాక కూడా ఇంత బాధ్యతగా మాట్లాడేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారమ్మా అన్నాడు. ఎదురుగా కూర్చున్న ఇద్దరూ ఆ మాటలు విని ఒకరినొకరు చూసుకుని తలూపారు. ఫోను పెట్టేయబోతుంటే ఆయన మళ్ళీ అందుకున్నాడు. ఆ పెద్దాయన వెళ్ళేటప్పుడు గొడుగు గేటుకు తగిలించి మరిచిపోయారట. వాళ్ళ పిల్లవాడు వీధి చివరిదాకా పరిగెత్తాడు గానీ బస్సెక్కేశారట. పాపం, ఇంత వానలో ఎలా వెళ్ళారో ఏమో, మీకు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే వచ్చి తీసుకెళ్ళమంటారా అని అడిగాడు.

మీరే ఉంచుకోండి అన్నాను.